ఫ్రైడ్ రైస్‌లో ఆవాలు

ఫ్రైడ్ రైస్ ఎక్కడ పుట్టిందంటే అందరూ చైనా అంటారు. నేను ఒప్పుకోను. రాత్రి మిగిలిన అన్నం, పొద్దున్నే ఆకలి, ఈ రెండూ ఉన్న ప్రతి ఇంట్లోనూ పుట్టింది. భవనాలు కట్టే పనికి వెళ్లే మా అమ్మ రోజూ చేసేది. మూకుట్లో నూనె పోసి, ఆవాలు, ఎండుమిర్చి, ఉల్లిగడ్డ, పసుపు వేసి, పైన చల్లన్నం కుమ్మరించేది. దాన్ని పోపన్నం అనేవాళ్లం. పేరులో గొప్ప లేదు కాబట్టి ఎవరూ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

చైనా పద్ధతి నేను నేర్చుకున్నది హఫీజ్‌పేట్‌లో, ఒక ఫాస్ట్ ఫుడ్ సెంటర్‌లో గిన్నెలు కడుగుతూ. అక్కడి వంటమనిషిది నేపాల్. మంటను కడాయి అంచు దాటేలా పెట్టి అన్నాన్ని ఎగరేసి పట్టేవాడు. సోయా సాసూ మిరియాలూ తప్ప ఇంకేమీ ముట్టేవాడు కాదు. పక్క బండి గుంటూరు ఆయనది. ఆయన చేతిలో అదే అన్నం కారంతో ఎర్రబడేది. రెండు చోట్లా జనం ఉండేవాళ్లు, ఎవరూ ఎవరినీ తప్పు పట్టలేదు.

వంటమనిషి ఊరెళ్లినప్పుడు గరిటె నాకొచ్చింది. నూనె కాగింది. చిన్నప్పటి అలవాటు కదా, చెయ్యి దానంతటదే పోపుల డబ్బాలోకి పోయింది. పొద్దున ఇడ్లీలు వేసే చోటే కాబట్టి డబ్బా అక్కడే ఉంది. ఆవాలు చిటపటలాడాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. పారబోయడానికి మనసొప్పక క్యాబేజీ, గుడ్డు, అన్నం అందులోనే వేసి కలిపేశాను. మెడలో ఆఫీసు కార్డు వేసుకున్న ఒకామె అది తిని, మర్నాడు మళ్లీ అదే కావాలని వచ్చింది. ఆ పొరపాటును నమ్ముకునే సొంత బండి పెట్టాను.

బండి అంటే రోడ్డు మీద బతుకు. వానొస్తే మంట నిలవదు. పోలీసులొస్తే సిలిండర్‌తో సహా సందులోకి తోసుకుపోవాలి. ఈమధ్య నా నడుము సహకరించడం లేదు. మణికొండ దగ్గర ఒక ఆఫీసు ఫుడ్ కోర్టులో స్టాలు ఖాళీ అయిందని తెలిసి, క్యాబ్ నడిపే నా భర్త నాకంటే ముందు సంబరపడ్డాడు. నెత్తిన కప్పు ఉంటుంది, తిరిగే ఫ్యాన్ ఉంటుంది. నాకూ ఆశ పుట్టింది, లేదని ఎందుకు చెప్పాలి?

రుచి చూడటానికి పిలిచిన రోజు మేనేజరు ప్లేటంతా ఊడ్చేశాడు. ఒక్క మెతుకు మిగల్చలేదు. తర్వాత మూతి తుడుచుకున్నాడు.

"రుచి బాగానే ఉందండి. కానీ ఇది చైనీస్ కౌంటరు కదా, చూసినవాళ్లు ఏమనుకుంటారు? ఆ ఆవాలు, పసుపు తీసేయండి, స్టాలు మీదే."

పక్కనే ఉన్న నా భర్త నా చెయ్యి నొక్కి, ఆవాలే కదా ఒప్పుకోమని గొణిగాడు. నిజమే, ఆవాలే. కానీ నాకు ఒళ్లు మండింది. పక్క కౌంటర్లో పిజ్జా మీద పనీరు ముక్కలు వేసి అమ్ముతున్నారు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మా అమ్మ తిన్నది మాత్రం నేను దాచిపెట్టుకోవాలట.

"తియ్య సార్," అన్నాను. "ఆవాలు లేకుంట మస్తు మంది చేస్తరు. గంతదానికి నేనెందుకు మీకు?"

ఆయన నవ్వి, నిదానంగా ఆలోచించుకోమన్నాడు. ఆలోచించేదేమీ లేదని చెప్పి, కడాయి కడుక్కుని బయటికొచ్చాను. చేతికందిన నీడ పోయిందని నాకు మాత్రం తెలియదా? బోరబండలో మా ఇల్లు వచ్చేదాకా కారు కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. అయినా వెనక్కి తిప్పమని అనలేదు.

ఇంటికి రాగానే బండి మీది బోర్డు దించాను. కొన్నప్పటి నుంచీ దాని మీద 'చైనీస్ ఫ్రైడ్ రైస్' అనే ఉంది. మొదటి మాట మీద తెల్ల రంగు పూసి, ఆరాక ఎర్ర రంగుతో 'పోపు' అని రాశాను. అక్షరాలు వంకరగా వచ్చాయి, రానీ. నా భర్త గుమ్మంలో నిలబడి చూశాడు.

"చైనీస్ అని లేకుంటే ఎవడొస్తడే?"

"ఆకలైనోడొస్తడు. నువ్వు జర గా సిలిండర్ పట్టు, బండి తోసే యాళ్ల అయితున్నది."