వలలో దొరికిన ఈల

గ్రిమ్స్‌బీ రేవులో వలలు బాగుచేసే ఆడవాళ్లు ఎందరున్నా, హిల్డా వేసిన ముడిని కళ్లు మూసుకుని తడిమి చెప్పేవారు. అందరూ దారాన్ని ఒక చుట్టు తిప్పితే ఆమె రెండు చుట్లు తిప్పి బిగించేది. అది తండ్రి నేర్పిన పద్ధతి. నోరు కూడా అంత బిగువే. ఊరికే తెరవదు, తెరిస్తే మాత్రం ఎదుటివాడికి దిమ్మ తిరుగుతుంది.

యుద్ధంలో ఆమె తమ్ముడు సిరిల్ బాంబర్ విమానం తోకలో తుపాకీ దగ్గర కూర్చునేవాడు. సముద్రంలో పడితే ఒకరినొకరు పిలుచుకోవడానికి వాళ్లకి ఇత్తడి ఈలలు ఇచ్చేవారు. తమ్ముడి ఈలకి హిల్డా వలదారంతో తాడు అల్లి ఇచ్చింది. 1943 ఫిబ్రవరిలో ఆ విమానం ఏడుగురితో సహా తిరిగి రాలేదు. శత్రుతీరం దగ్గర సముద్రంలో కూలిపోయి ఉండొచ్చని వైమానిక దళం నుంచి ఉత్తరం వచ్చింది. ఉండొచ్చట! తల్లి ఆ ఒక్క మాట పట్టుకుని నాలుగేళ్లు కూర్చుంది.

నాలుగేళ్ల తర్వాత ఒకరోజు, పక్కవీధిలో ఉండే సరంగు ఆంబ్రోస్ డ్రూరీ నడిపే మరపడవ వల చిరిగి బాగుకు వచ్చింది. చిక్కుకున్న చెత్త లాగుతుంటే హిల్డా వేలికి ఒక ముడి తగిలింది. రెండు చుట్ల ముడి. దాని చివర పచ్చగా చిలుమెక్కిన ఈల ఉంది.

ఆమె ఏడవలేదు. ఈల గుప్పిట్లో పెట్టుకుని నేరుగా వెళ్లి డ్రూరీ ముందు నిలబడింది.

"ఈ వల ఎక్కడ చిరిగింది?"

"ఏదో రాయి తగిలిందిలే హిల్డా."

"రాయికి నేనెప్పుడు తాడు అల్లానయ్యా?" అంటూ గుప్పిట విప్పింది.

డ్రూరీ మొహం పాలిపోయింది. అడుగున ఉన్నది సిరిల్ విమానమేనని, వలకి తగిలిన రేకు మీది గుర్తులు చూసి, అతనికి ఏడాదిగా తెలుసు. దాని చుట్టూ చేపలు గుంపులు గుంపులుగా చేరతాయి. ఏ సరంగూ తన చేపల చోటు చెప్పడు. ఆ చోట్ల లెక్కలు రాసుకున్న పుస్తకం పెళ్లానికి కూడా చూపించడు.

"చోటు బయటపడితే నా బతుకేం కాను? పోయినవాడు తిరిగొస్తాడా? వేటకెళ్లిన ప్రతిసారీ మీ అమ్మకి చేపలు పంపుతూనే ఉన్నాగా!"

హిల్డాకి ఒళ్లు మండిపోయింది. ఆ పొట్లాలు వచ్చినప్పుడల్లా అతన్ని దీవించి మరీ తినేది పిచ్చితల్లి.

"సిగ్గు లేదటయ్యా నీకు? మావాడి సమాధి మీద వల లాగి, ఆ చేపలే మా అమ్మ కంచంలో పెట్టావా?"

అతను చోటు చెప్పలేదు.

మర్నాడు సముద్రం పోటెక్కే వేళకి అతని పడవ బయల్దేరుతుంటే హిల్డా గట్టు చివర నిలబడి, చిలుము తోమిన తమ్ముడి ఈల ఊదింది. బయల్దేరే పడవ దగ్గర ఈల వినబడితే తుఫాను లేస్తుందంటారు. అందులోనూ ఊదింది ఆడది. వంటవాడు మూట సర్దుకుని దిగిపోయాడు. "నాకు ముగ్గురు పిల్లలున్నారు సరంగూ," అన్నాడు. కొత్త వంటవాణ్ణి తెచ్చుకుంటే మళ్లీ ఊదింది. ఈసారి ఇద్దరు దిగారు. పిచ్చెక్కిందా అని రేవు కాపలావాడు అరిచాడు.

"ఎక్కింది! మా తమ్ముడు దీన్ని ఊదినప్పుడు ఎవడూ వినలేదు. ఇప్పుడు వినండి," అంది హిల్డా.

మూడోసారికి పడవలో డ్రూరీ ఒక్కడే మిగిలాడు.

ఆ సాయంత్రం ఒక చేత్తో పుస్తకం, ఒక చేత్తో ఎప్పటిలాగే చేపల పొట్లం పట్టుకుని హిల్డా వాళ్ల వంటింట్లోకి వచ్చాడు. హిల్డా కూర్చోమనలేదు.

"చదువు," అంది.

అతను ఏడాది కిందటి తేదీ, దాని పక్కన ఆ చోటు అంకెలు చదివాడు. తల్లికి ఆ అంకెలేవీ అర్థం కాలేదు.

"శత్రువుల ఒడ్డుకి ఎంత దూరం నాయనా అది?"

"అటువైపు కాదమ్మా. మన గట్టు నుంచే. పద్నాలుగు మైళ్లు."

ముసలామె ఆ దూరాన్ని నోట్లోనే రెండుసార్లు చెప్పుకుంది.

"అయితే నా బిడ్డ అప్పటికే ఇంటికొచ్చేస్తున్నాడన్నమాట," అంది. తర్వాత తలెత్తి డ్రూరీని చూసింది. "ఏడాదిగా ఆ మాట నీకు తెలుసు. ఆ పొట్లం తీసుకుపో."

హిల్డా తలుపు తెరిచి పట్టుకుంది.