అక్క వెనక్కిచ్చిన లాభం

కళ్లద్దాల దుకాణం వెనక గదిలో ఇరవై రెండేళ్లుగా అద్దాలు అరగదీస్తున్న అతనికి నడివయసులో షేర్ల పిచ్చి పట్టుకుంది. తోటి పనివాళ్లు ‘షేర్ల సారూ’ అని పిలిచేవాళ్లు. అది వెక్కిరింపేనని తెలిసినా లోలోపల బాగానే ఉండేది.

అక్క ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. తమ్ముణ్ణి చదివించాలని చూసింది గానీ చదువు అతనికి అబ్బలేదు. ఆమెది మూడో అంతస్తులో అద్దె గది. మోకాళ్లు మొరాయిస్తున్నాయి, మెట్లెక్కే పని లేని చిన్న ఇల్లు కొనుక్కోవాలని కోరిక. చేతికొచ్చిన డబ్బులో రెండు లక్షలు తమ్ముడికిచ్చింది. అతనూ అంతే కలిపి, నీళ్ల పంపులు తయారుచేసే ఒక కంపెనీ షేర్లు కొన్నాడు.

ఏడాది తిరిగేసరికి ధర రెట్టింపయింది.

“నా వాటా అమ్మెయ్యరా,” అంది అక్క.

“ఇప్పుడా? ఇంకా పెరుగుతుందక్కా!”

“పెరగనీ. అమ్మేదాకా అది కాగితం మీది లాభమేగా. చెట్టు మీది కాయని చూసి పొయ్యి వెలిగిస్తామా?”

అమ్మాడు. నాలుగు లక్షలు ఆమె బ్యాంకులో పడ్డాయి. తనవి మాత్రం కదపలేదు.

ఆ తర్వాత ధర మళ్లీ రెట్టింపయింది. ఇక అతని నోరు ఊరుకోలేదు. వెళ్లినప్పుడల్లా ఫోను తీసి చూపించేవాడు.

“నా రెండూ ఎనిమిదయ్యాయి చూడు. ఉంచుకునుంటే నీకూ ఎనిమిదే. తొందరపడ్డావక్కా.”

మొదట్లో నవ్వేసేది. కానీ ఈలోపు ఇళ్ల ధరలూ పెరిగాయి. ఏ ఇల్లు చూసినా ఆమె నాలుగు లక్షలు ఏ మూలకూ రావడం లేదు. ఒక ఆదివారం చెక్కు రాసి అతని ముందు పెట్టింది.

“మళ్లీ కొను. నాకే బుద్ధి లేకపోయింది.”

చేతికొచ్చినదాన్ని మళ్లీ గాల్లోకి ఎగరెయ్యడమేంటని ఒక్క క్షణం తోచింది అతనికి. ఆ మాట అంటే, ఇన్నాళ్లూ తను కూసింది తప్పని ఒప్పుకోవాలి. చెక్కు మడిచి జేబులో పెట్టుకుని, మర్నాడే అవే షేర్లు కొన్నాడు.

మూడు నెలలకు ఆ కంపెనీ చూపించిన అమ్మకాలన్నీ దొంగ లెక్కలని బయటపడింది. రోజూ పొద్దున మార్కెట్ తెరవగానే ధర ఆ రోజుకు పడనిచ్చే హద్దు దాకా దబ్బున పడి అక్కడే నిలబడిపోయేది. రోజూ అమ్మకానికి పెట్టేవాడు. కొనేవాడు లేడు. తెర మీద ఇంకా లక్షలు కనిపిస్తూనే ఉన్నాయి, ఇచ్చే నాథుడే లేడు. తొమ్మిదో రోజున ఆ షేర్ల లావాదేవీలే ఆపేశారు. ఆ రోజు రెండు అద్దాలు తప్పుగా అరగదీసి యజమాని చేత చీవాట్లు తిన్నాడు.

సాయంత్రం అక్క దగ్గరికెళ్లాడు.

“నావి ఎంతొస్తాయిరా?”

“ఏమీ రావక్కా.”

“మరి నీ ఎనిమిది?”

“అవి వచ్చిందెప్పుడు? కనిపించాయి, అంతే. నిజంగా వచ్చినవి నీ నాలుగే. వాటినీ నేనే...”

తిడుతుందని ఎదురుచూశాడు. తిట్టినా బాగుండేది.

“నెలనెలా నా జీతంలోంచి కొంత ఇస్తానక్కా.”

“నీ పిల్లలకేం పెడతావు?” అని లేచి, ఆరేసిన బట్టలు తీసి మడతపెట్టుకుంది.

మరుసటి వారం ఆమె పక్క వీధిలో మంచాన పడ్డ ఓ పెద్దాయనకు సేవ చేసే పనికి కుదిరింది. అరవై ఒకటో ఏట. అతను ఇప్పటికీ ఆదివారాలు వెళ్తాడు. కాసేపు కూర్చుంటాడు. ఇంటి మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తరు.