మళ్ళీ అను

మా తెలుగు మాస్టారికి ఒక అలవాటుండేది. ఎవరి నోటైనా నచ్చిన మాట వింటే, చెవి కాస్త ముందుకు వంచి "మళ్ళీ అను" అనేవారు.

జంషెడ్‌పూర్ కాలేజీలో చేరిన మొదటిరోజే అది నా వంతుకొచ్చింది. "సార్, టెంపో దొరకనేదు, లేటైపోనాది" అన్నాను. క్లాసంతా నవ్వింది. "మళ్ళీ అను" అన్నారాయన. తిడుతున్నారనుకుని నాకు ఏడుపొచ్చింది. ఆయన మాత్రం "దొరకనేదు, దొరకనేదు" అని చప్పరించుకుంటూ పాఠంలోకి వెళ్లిపోయారు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆయన పుస్తకాలన్నీ గ్రాంథికంలోనే రాశారు. మా పేట భాలుబాసాలోని తెలుగువాళ్లు వాటిని గౌరవంగా అలమరలో పెట్టుకున్నారే తప్ప చదవలేదు. రిటైరయ్యాక, పంతొమ్మిదివందల ఎనభైల మొదట్లో, ఆయన మా యాసలో ఒక నవల రాశారు. ఆవిష్కరణ సభకు ఆంధ్ర నుంచి వచ్చిన అతిథి, "ఇంతటి పండితులు ఇలాంటి భాష రాయడమేమిటి?" అని అందరి ముందూ నొచ్చుకున్నాడు. మాస్టారి ముఖం చిన్నబోయింది. ఒక పేజీ చదవమని నన్ను వేదిక మీదికి పిలిచారు.

అందులోని అత్తాకోడళ్ల తగవు కొంత చదివి ఆపాను. ముందు వరసలో ఉన్న మా అమ్మ, అక్షరం ముక్క రాని మనిషి, ఉండబట్టలేక లేచి నిలబడింది.

"ఆపేసినావేటే? ఆ కోడలు ఊరుకుందా ఏటి?"

హాలంతా గొల్లుమంది.

"కూకో చెల్లెమ్మా, చెప్తన్నాను" అంటూ మాస్టారు నా చేతిలోని పుస్తకం లాక్కుని తనే చదవసాగారు. అతిథితో సహా ఎవరూ కదల్లేదు. ఆ సాయంత్రం ఇక ఏ ఉపన్యాసమూ జరగలేదు.