మట్టిలో పెట్టని శుభలేఖ

అప్పుడప్పుడే అందరూ వాట్సాప్‌లో శుభలేఖలు పంపడం మొదలైన రోజులు. మా అమ్మాయి పెళ్లికి మాత్రం విత్తనాలు కలిపిన కాగితం మీద అచ్చు వేయించాం. చింపి మట్టిలో పెట్టి నీళ్లు పోస్తే తులసి మొలుస్తుందని రాజాంలో షాపువాడు నమ్మబలికాడు. నాకు మొదటినుంచీ అనుమానమే. ఆ గరుకు కాగితంలో కనిపించే నల్లచుక్కలు గింజలో చెత్తో ఎవరికి తెలుసు?

పెళ్లయ్యాక కార్డు నాటారా అని చుట్టాలందరినీ అడిగాను. ఒక్కరూ నాటలేదు. నాలుగు మూలలా పసుపు రాసి ఇచ్చిన కార్డని దేవుడి గూట్లో పెట్టుకున్నారు. నరసన్నపేటలో మా అక్కయితే విరుచుకుపడింది.

"పెళ్లైన పిల్లల పేర్లు మట్టిలో కప్పెట్టమంటావేట్రా? నీకు బుద్ధున్నాదా అసలు?"

అప్పుడు వెలిగింది నాకు. మనవాళ్లెవరూ ఆ పని చెయ్యరని షాపువాడికి ముందే తెలుసు. అందుకే అంత ధీమా! వాడి బండారం బయటపెడదామని, మిగిలిన కార్డొకటి పట్టుకుని పెరట్లోకి వెళ్లి గుంట తవ్వాను. చింపబోతుంటే అమ్మాయి పేరు కనిపించింది.

ఖాళీ గుంట పూడ్చేసి, కార్డు తెచ్చి బీరువాలో దాచాను.

నన్ను కూడా కలుపుకునే లెక్కేశాడు, దొంగవెధవ.