కొత్త పీపాలో మొదటి గ్లాసు

నేను మొదటి గుక్క మింగేదాకా ఆ పెద్దాయన నా ముఖం మీంచి చూపు తిప్పలేదు.

"చేదుగా ఉంది. చివర్లో అడుగంటిన పాకంలా తగిలింది," అన్నాను.

ఆయన ముఖం వాడిపోయింది. "అంటే, బాగాలేదా?"

ఎడిసన్ ఊరి నుంచి బస్సులో దూరప్రయాణం వెళుతూ, బస్సు మారడానికి పెన్సిల్వేనియాలో ఒక పల్లెలో దిగాను. స్టాప్ ఎదురుగా ఉన్న పాత పబ్‌లోకి వెళ్లి కూర్చున్నాను. అక్కడ పోసే ఏల్ అనే బీరు వెనక షెడ్డులో ఆ పబ్ నడిపే ఈ పెద్దాయనే కాస్తాడు. కిందటేడు జబ్బు చేసి ఆయనకు వాసన, రుచి పోయాయి. అప్పటినుంచి కొత్త పీపా తెరిస్తే మొదటి గ్లాసు ముక్కూమొహం తెలియనివాళ్లకే పోస్తున్నాడు.

"మా ఊరివాళ్లు కుళాయి నీళ్లు పోసినా బాగుందంటారు, ఈయన బాధపడతాడని," అంది కౌంటర్ దగ్గర ఆయన భార్య. "ఇది కుదరకపోతే ఇక కాయడం మానేస్తానన్నాడు పొద్దున."

"అలా అడుగంటిన గిన్నె గీక్కోడానికి చిన్నప్పుడు మా ఇంట్లో కొట్టుకునేవాళ్లం," అన్నాను.

ఆయన పెద్దగా నవ్వి, గోడమీద పలకకేసి నడిచి, 'కొత్త ఏల్ వచ్చింది' అని సుద్దముక్కతో రాశాడు. నేను గ్లాసు ఖాళీ చేసి బస్సెక్కాను.

కాచేటప్పుడు అది నిజంగానే అడుగంటిందో, ఆ ఏల్ రుచే అంతో నాకు ఇప్పటికీ తెలియదు.