రొవీనా టబ్స్ ముందుకు నడిచిన ఏడాది

మా లీగ్ నిబంధనల పుస్తకంలో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ శరీరాన్ని కాపాడటానికి పదకొండు ఉపనిబంధనలు ఉన్నాయి. ఆమె తలను తాకరాదు. ఆమె మోకాళ్ల మీదికి దూకరాదు. బంతి చెయ్యి దాటిపోయాక ఆమె మీద పడరాదు. ఆమె ముందు వరుసగా నిలబడి ఆ దెబ్బలన్నీ తమ మీద వేసుకునే ఐదుగురు స్త్రీల విషయంలో అదే పుస్తకం దాదాపు మౌనం వహిస్తుంది. ఆ మౌనంలో పదమూడేళ్లు పనిచేసిన మనిషి రొవీనా టబ్స్.

ఒహాయో నది ఒడ్డున ఉన్న మా కోల్‌వెల్‌లో ఆమె స్కూలు బస్సు నడుపుతుంది. వయసు నలభై ఒకటి. వసంతం రాగానే, శనివారాల్లో, కోల్‌వెల్ హ్యామర్స్ అనే ఆడవాళ్ల అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు సెంటర్‌గా ఆడుతుంది. వంగి, కాళ్ల మధ్య నుంచి బంతిని వెనక్కి అందించి, తల ఎత్తేలోపే ఎదుటి మనిషి భుజాన్ని మెడ మీద మోయడం ఆ పని. జీతం లేదు. హెల్మెట్ కూడా ఎవరిది వాళ్లు కొనుక్కోవలసిందే. ఆమె చేరిన నాటి నుంచి జట్టు ఏ ఏడాదీ సగం మ్యాచ్‌లు గెలవలేదు. ఆ జనవరిలో డాక్టరు ఆమె మెడ ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూపించి, "ఇంకొక్క సీజన్. ఆ తర్వాత కూడా ఆడతానంటే వేరే డాక్టర్ని చూసుకో" అన్నాడు.

ఆ ఒక్క సీజన్ ఎలా గడుస్తుందన్నది మార్చిలో జరిగే డ్రాఫ్ట్ మీద ఆధారపడి ఉంది. లీగ్‌లోని ఎనిమిది జట్లు కొత్త క్రీడాకారిణులను వంతులవారీగా ఎంచుకునే రోజు అది. కిందటి ఏడాది అందరికంటే ఘోరంగా ఓడిన జట్టుకు మొదటి వంతు దక్కుతుంది. ఆ ఘనత మాదే. ఎంపిక ఇద్దరి మధ్య జరగాలి. బ్రిన్ హాల్వర్‌సన్ ఆరడుగుల క్వార్టర్‌బ్యాక్. బంతిని యాభై గజాలు విసురుతుంది. ఒడెస్సా ప్రూయిట్ గోదాములో పెట్టెలు దించే రన్నింగ్ బ్యాక్. పొట్టి మనిషి, బంతిని పొట్టకు అదుముకుని గుంపులోంచి చీల్చుకుపోతుంది.

జట్టు యజమానిగా చెలామణి అయ్యే డ్వైట్ ఫెన్నెల్‌కు ఈ విషయంలో సందేహమే లేదు. డ్రాఫ్ట్‌కు వారం ముందే బ్రిన్ బొమ్మతో పోస్టర్లు అచ్చు వేయించాడు. జట్టులో ఎవరినీ ఒక్క మాట అడగలేదు. అడగవలసిన అవసరం ఉందన్న ఆలోచన కూడా ఆయనకు రాలేదు. అది మరచిపోవడం కాదు, అలవాటు. అందుకే నాకు క్షమించబుద్ధి కాదు.

డ్రాఫ్ట్ శుక్రవారం సాయంత్రం, మాజీ సైనికుల హాల్లో. శుక్రవారాలు మాంసం మానేసే లెంట్ ఉపవాస రోజులు కనుక హాలంతా చేపల వేపుడు వాసన. బల్ల మధ్యలో ఫోను పెట్టారు. అందులోంచి లీగ్ కార్యదర్శి గొంతు వినిపిస్తోంది.

"కోల్‌వెల్, మీకు పది నిమిషాలు."

"పది నిమిషాలెందుకు, నేనిప్పుడే చెప్తా" అంటూ ఫెన్నెల్ ఫోను వైపు వంగాడు.

"కాస్త ఆగు డ్వైట్" అంది రొవీనా.

"చేప చల్లారకముందే తిను, హనీ. దీని సంగతి మేం చూసుకుంటాం."

"తింటూనే అడుగుతున్నా. ఐదేళ్లలో మూడుసార్లు మొదటి వంతు మనదే. మూడుసార్లూ బంతి విసిరే పిల్లనే తెచ్చావు. ఆ ముగ్గురూ ఇప్పుడెక్కడున్నారు?"

"అది దురదృష్టం."

"ఒకదానికి భుజం, ఒకదానికి చీలమండ, ఇంకోదానికి పక్కటెముకలు. మూడూ దురదృష్టమేనా? వాళ్ల ముందు నిలబడ్డది మేమే కదా. మా ఐదుగురి వయసులూ కలిపితే రెండొందలు. వెనక్కి అడుగులేస్తూ మూడు సెకన్లు ఆపగలం, అంతే. ఆ పొడుగుపిల్ల బంతి విసరడానికి నాలుగు సెకన్లు తీసుకుంటోంది. ట్రయల్స్‌లో నేను గడియారం పెట్టి చూశా. అక్కడ దాని మీదికి ఎవరూ రావట్లేదు, అయినా నాలుగే."

కోచ్ మార్టీ స్లోన్ ముఖం తుడుచుకున్నాడు. చెడ్డవాడు కాడు. "రొవీనా, విసిరే చెయ్యి పదేళ్లు పనిచేస్తుంది. పరిగెత్తే కాళ్లు మూడేళ్లు. మొదటి వంతుని మూడేళ్ల మనిషి మీద పెట్టమంటావా?"

అది కొట్టిపారేయదగ్గ వాదన కాదు. రొవీనా కూడా కొట్టిపారేయలేదు.

"మూడేళ్లంటే నాకు చాలా ఎక్కువ, కోచ్. నాకున్నది ఒక్కటే. పదమూడేళ్లుగా వెనక్కి నడుస్తున్నా. పరిగెత్తే మనిషి వెనకుంటే లైన్లో ఉన్నవాళ్లు ముందుకు నడవాలి, ఎదుటివాళ్లని తోసుకుంటూ. అది మాకు వచ్చు. మమ్మల్ని ఎవరూ చెయ్యనివ్వలేదు."

"బస్సు కూడా రివర్సులోనే తోలుతోందిట, పిల్లలు చెప్పుకుంటున్నారు" అంది పక్కన కూర్చున్న ఈలీన్ కోవాచ్. లైన్లో రొవీనాకు ఎడమవైపు నిలబడేది ఆమే.

"నోర్ముయ్యవే, నీ కోసమే ఈ చేప తోక ముక్క ఆపి కూర్చున్నా" అని రొవీనా ఆమె పళ్లెంలోకి ఒక ముక్క విసిరింది. ఆ తర్వాత కోటు జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసింది.

అది జట్టు నియమావళి. ఇరవై ఏళ్ల కిందట జట్టును స్థాపించిన స్త్రీలు రాసుకున్నది. స్కూలు గంట కొట్టేదాకా బస్సులో కూర్చుని ఆమె దాన్ని ఆ చలికాలమంతా చదివింది. తొమ్మిదో నిబంధనను తడుముకోకుండా పైకి చదివింది: "నూతన క్రీడాకారిణి ఎంపిక, గత సీజన్‌లో ప్రతి మ్యాచ్‌లోనూ మైదానంలో దిగిన సభ్యుల మెజారిటీ నిర్ణయం ప్రకారం జరుగును."

"ఆ పాత కాగితాన్ని ఎవరు పట్టించుకుంటారు?" అన్నాడు ఫెన్నెల్.

"మునిసిపాలిటీ పట్టించుకుంటుంది. సభ్యులు నడిపే సంఘం అని రాసిచ్చి, ఈ కాగితమే జతచేసి, మైదానం తీసుకున్నావు. కింద నీ సంతకమే ఉంది. సంఘం సభ్యులదైతే ఓటు పెట్టు. నీదైతే సోమవారం వెళ్లి ఆ మాట వాళ్లతో చెప్పు."

ఇంతకంటే శుభ్రమైన వాదన నేను కోర్టుల్లోనూ ఎక్కువసార్లు వినలేదు. ఎదుటివాడికి రెండే దారులు మిగిల్చి, రెండూ తన ఇంటికే తీసుకొచ్చింది.

కిందటి ఏడాది ఒక్క మ్యాచ్ కూడా వదలకుండా దిగినవాళ్లు ఏడుగురు తేలారు. అందులో ఐదుగురు లైన్లోవాళ్లే. క్వార్టర్‌బ్యాక్‌లు మారారు, పరిగెత్తేవాళ్లు మారారు; ఈ ఐదుగురు మాత్రం కట్లు కట్టుకుని వచ్చారు. హాజరు రాసుకుంటూ వచ్చిన కోచే ఆ జాబితా చదివాడు.

"కోల్‌వెల్, రెండు నిమిషాలు" అంది ఫోను.

నూనె అంటిన చేతులు లేచాయి. ఒడెస్సాకు ఆరు. గోలు కొట్టే కిక్కర్ ఒక్కతే బ్రిన్‌కు ఓటేసింది. ఆ ఒక్క ఓటునూ, వేసినామె పేరుతో సహా, రొవీనా చదివి నమోదు చేయించింది. ఫెన్నెల్ ఫోను ముందుకు వంగి, గొంతు సవరించుకుని, ఒడెస్సా ప్రూయిట్ పేరు తన నోటితోనే చెప్పాడు.

మొదటి ప్రాక్టీసు రోజు ఒడెస్సా నేరుగా వచ్చి అడిగింది. "మిస్ రొవీనా, నేను ఎన్నాళ్లు నిలుస్తానో నాకే తెలీదు. ఆ పొడుగమ్మాయిని కాదని నన్నెందుకు తెచ్చారు?"

"నువ్వు ఎన్నాళ్లు నిలుస్తావన్నది మా పని. నీ పని నా నడుం మీద చెయ్యేసి, నేను ఎటు వెళ్తే అటు రావడం. దాటిపోవాలనిపిస్తే మాత్రం దాటిపో బేబీ, నేనేం అనుకోను."

ఆ సీజన్‌లో ఏడు మ్యాచ్‌లలో ఐదు గెలిచాం. ఎనిమిదోది ఫైనల్. ఎదురుగా లేక్‌పోర్ట్, వాళ్ల క్వార్టర్‌బ్యాక్ బ్రిన్ హాల్వర్‌సన్. కుర్ర లైన్ వెనక ఆమె ఆ మధ్యాహ్నం అద్భుతంగా ఆడింది. మూడుసార్లు బంతిని ఆకాశంలోంచి దించి పాయింట్లు తెచ్చింది. ఆమె చెడ్డ ఆటగత్తె అని రొవీనా ఎన్నడూ అనలేదు.

ఏడు నిమిషాలు మిగిలాయి. నాలుగు పాయింట్లు వెనకబడి ఉన్నాం. బంతి దాటిస్తే ఆరు పాయింట్లు తెచ్చే గీత డెబ్బై గజాల దూరంలో ఉంది. కోచ్ బంతి విసిరే ఆట ఆడమనబోయి, రొవీనా ముఖం చూసి, చేతిలోని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

వంగిన రొవీనా ఎదుటి మనిషితో, ఇరవై నాలుగేళ్ల బలిష్ఠురాలితో, మామూలుగా మాట్లాడినట్టే అంది: "బంగారం, నీ మీదికే వస్తున్నాం. తర్వాత చెప్పలేదనకు."

ఐదు గజాలు.

"మళ్లీ నీ మీదికే."

నాలుగు. ఆరు. ప్రతిసారీ చెప్పింది, ప్రతిసారీ వచ్చింది. పదో ఆట అయ్యేసరికి ఆ పిల్ల, "అమ్మా, ఇంకెవరి మీదికైనా వెళ్లకూడదా!" అని అరిచింది. ఈలీన్ నవ్వుతూ మోకాళ్ల మీద కూలబడబోయింది. గీతకు గజం దూరంలో ఆగాం. అది నాలుగో, ఆఖరి ప్రయత్నం. తప్పితే బంతి వాళ్లది. గడియారంలో తొమ్మిది సెకన్లు.

రొవీనా ఈసారి ఏమీ చెప్పలేదు. బంతి వెనక్కి ఇచ్చి లేచింది. ఐదుగురూ ఒక్క గోడలా కదిలారు. గుంపు ముందుకు ఒరిగింది, ఆగింది, మళ్లీ ఒరిగింది, ఒక్కసారిగా గీత అవతల కుప్పకూలింది. పాయింట్లు వచ్చాయన్నట్టు రిఫరీ రెండు చేతులూ పైకెత్తాడు.

కుప్ప అడుగున ఎవరో కీచుమన్నారు. ఒడెస్సా బంతితో సహా రొవీనా వీపు మీద బోర్లా పడి ఉంది. వాళ్లిద్దరి కిందా లేక్‌పోర్ట్ పిల్ల.

"లెగవే తల్లీ, ఊపిరాడట్లేదు" అంది ఆ పిల్ల.

"ఉండవే" అంది రొవీనా, గడ్డి మీద గడ్డం ఆనించి, బ్యాండు మోతలో స్టాండ్స్ వైపు చూస్తూ. "గీత దాటి ఇక్కడి నుంచి నేనెప్పుడూ చూళ్లేదు."