తెలుగులోనే రద్దయిన సవరణ

లండన్ శివారు హారోలో మా తెలుగు సంఘం అద్దెకు తీసుకునే హాలు తలుపు తీయగానే నేల పాలిష్ వాసన, దాని మీదుగా పులిహోర పోపు వాసన వస్తాయి. మొన్న ఆదివారం ఆ వాసన తగలగానే శివరామయ్య అంకుల్ గుర్తొచ్చారు. నేను దేన్నయినా కాస్త పెంచి చెబుతానని తెలిసినవాళ్లంతా అంటారు. ఆయన ఉపన్యాసం మొదలుపెడితే విమానాలు హీత్రోలో దిగడం మానేసి మా హాలు చుట్టూ తిరిగేవంటే ఎవరూ నమ్మరు. ఈ సంగతి మాత్రం పెంచి చెప్పలేను. పెంచాలంటే ముందు నాకు అర్థం కావాలి కదా.

ఆయన ఇండియాలో లా చదివి, ఇక్కడికొచ్చి హేస్‌లో సరుకుల గోదాములో పనిచేసి రిటైరయ్యారు. చదివిన లా అంతా మా సంఘం మీదే ప్రయోగించారు. మా నియమావళిని రాజ్యాంగం అనేవారు. సమావేశాలు మెల్లగా ఇంగ్లీషులోకి జారిపోయి, పెద్దావిడలు చేతులు కట్టుకుని టీ కోసం ఎదురుచూసే స్థితి వచ్చినప్పుడు ఆయన లేచి రాజ్యాంగ సవరణ ప్రతిపాదించారు. సమావేశంలో తెలుగే అధికార భాష. ఇంగ్లీషులో అన్న మాట సెక్రటరీ రాసే మినిట్స్‌కెక్కదు. అందరం చప్పట్లు కొట్టాం. ఆ రోజు నుంచి ఆంటీలు మాట్లాడడం మొదలుపెట్టారు. హాలుకి తాళం వేయడానికి కాచుకున్న కేర్‌టేకర్ గుమ్మంలోనే ముసలివాడైపోయాడు.

చిక్కు నిఖితతో వచ్చింది. ఇక్కడే పుట్టిన పిల్ల. యూనివర్సిటీలో చదువుతూ, శనివారాలు మా పిల్లలకు నాటకాలు నేర్పేది. అందుకే కమిటీకి ఎన్నుకున్నాం. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. ఆమె నోరు తెరవగానే సెక్రటరీ పెన్ను కింద పెట్టేవాడు.

"సో, ఐ డోంట్ ఎగ్జిస్ట్?" అంది ఒకరోజు. ఆ మాటా మినిట్స్‌కెక్కలేదు.

సవరణ ఉంటే తాను మానేస్తానంది. ఆమె పోతే కుర్రకారంతా పోతుంది. కానీ దాన్ని రద్దు చేయమని అడగాలన్నా తెలుగులోనే అడగాలి. తాళంచెవిని పెట్టెలో పెట్టి తాళం వేసినట్టయింది.

ఆ తర్వాతి ఆదివారం అంకుల్ ఫ్లాట్‌కి వెళితే నిఖిత అక్కడే ఉంది. సోఫా ముందు నిలబడి ప్రసంగం అప్పజెబుతోంది.

"అంత మెత్తగా కాదమ్మా. 'ఈ సవరణ తెచ్చిన పెద్దమనిషి మా గురించి ఒక్క క్షణం ఆలోచించలేదు' అను. నన్ను చూస్తూ అను."

"ఇట్స్ ఎ బిట్ హార్ష్, అంకుల్."

"హార్షే. తెలుగులో అను."

నాకు మతిపోయింది. "మీ సవరణని మీరే కూల్చుకుంటున్నారా?" అన్నాను.

"కూలనిస్తానా? సమావేశం రోజు వచ్చి చూడు" అన్నారు.

చూశాను. నిఖిత తడబడుతూనే అంతా చెప్పింది. 'పెద్దమనిషి' దగ్గర ఆగి ఆయన వంక చూస్తే, కానిమ్మన్నట్టు తల ఊపారు. వెంటనే లేచి ఆమెను ఎదిరించారు. "ఇది తీసేస్తే అన్నపూర్ణమ్మగారు మళ్లీ ఈ హాల్లో నోరెత్తరు. ఆవిడ మాట ఎవరు వింటారో చెప్పండి" అన్నప్పుడు ఆయన గొంతు నిజంగానే వణికింది. నేను చెయ్యి సగమే ఎత్తాను. రెండు పక్షాలవాళ్లూ నన్ను తమలో కలుపుకున్నారు. సవరణ రద్దయింది.

బస్టాపులో పట్టుకుని అడిగాను. "మీరు ఏ పక్షం అంకుల్?"

"నా పక్షమే."

"మరి ఆ పిల్లకి ఎందుకు నేర్పారు?"

"నేర్పకపోతే నేను వాదించేది ఎవరితోనయ్యా?" అని బస్సెక్కేశారు.

నిఖిత ఉండిపోయింది. ఆయన భయపడ్డట్టే అన్నపూర్ణమ్మ ఆంటీ మాట తగ్గిపోయింది. అంకుల్ తన కుర్చీ ఆవిడ పక్కకి జరుపుకుని, పోయేదాకా ప్రతి సమావేశంలోనూ చెవిలో అనువాదం చేస్తూ కూర్చున్నారు. ఆయన చేసింది ఒప్పో తప్పో నాకు ఇప్పటికీ తేలలేదు.

ఈమధ్య మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయికి నేను వేసిన రోటా, అంటే ఎవరు ఏ రోజు పనికి రావాలన్న పట్టిక, నచ్చలేదు. మీటింగులో ఎలా చెప్పాలో తెలియక నీళ్లు నమిలింది. లంచ్‌లో కూర్చోబెట్టి, నా రోటాలో లోపాలు ఏ వరసలో ఎత్తిచూపాలో నేనే చెప్పాను. తర్వాత మీటింగులో శక్తికొద్దీ ఆమెను ఎదిరించి ఓడిపోయాను. ఇప్పుడు నాకు శనివారాలు కూడా పనే. ఎందుకలా చేశావని మా ఆవిడ అడుగుతుంది. ఇంతవరకూ ఒక్క అబద్ధమైనా తోచలేదు.